ఎండ చెప్పినట్టు విందాం

పాఠకుల ప్రశ్నలు – టీచరమ్మ జవాబులు

ఈ నెల వచ్చిన ఉత్తరాలు ముందేసుకుని కూర్చుంటే సగానికి పైగా ఫోన్ గురించే ఉన్నాయి. పిల్లల ఫోన్ గురించి తల్లులు రాశారు. అమ్మానాన్నల ఫోన్ గురించి ఒక పిల్ల రాసింది. తన ఫోన్ గురించి తానే బాధపడుతూ ఒక పెద్దాయన రాశారు. అందుకని మిగతా ప్రశ్నలు వచ్చే నెలకి ఉంచి ఈసారి వీటికే జవాబులు ఇస్తున్నాను. నేను డాక్టర్ని కాను. 31 ఏళ్లు కోనసీమ బడుల్లో తెలుగు చెప్పాను. పిల్లల్ని చూసిన అనుభవంతో, మా ఇంట్లో నేను చేసి చూసినదాంతో చెబుతున్నాను.

ప్రశ్న: టీచరమ్మ గారూ, మా బాబుకి 10 ఏళ్లు. సెలవులిచ్చినప్పటి నుంచి లేవగానే ఫోన్. నేనూ మా ఆయనా ఉద్యోగాలకి వెళ్తాం, ఇంట్లో మా అత్తమ్మ ఉంటారు. ఫోన్ లాక్కుంటే గుక్కపట్టి ఏడుస్తాడు, చేతిలో ఉన్నది విసిరేస్తాడు. బయటికి పంపుదామంటే 43 డిగ్రీల ఎండ. ఏం చెయ్యమంటారు?
— ఒక అమ్మ, హనుమకొండ

జవాబు: అమ్మా, ముందు లాక్కోవడం మానెయ్యండి. ఆటలో మునిగి ఉన్నవాడి చేతిలోంచి ఫోన్ తీసుకుంటే, తింటున్న కంచం లాగేసినట్టే ఉంటుంది వాడికి. "ఈ ఆట అయ్యాక పెట్టెయ్" అని చెప్పి పక్కనే కూర్చోండి. ఆటకైతే అవ్వడమంటూ ఉంటుంది. వీడియోలకి అది లేదు. ఒకటి అయ్యేలోపే ఇంకోటి వచ్చేస్తుంది. మా చిన్నప్పుడు గోళీలైనా కర్రాబిళ్లైనా చీకటి పడితే ఆగిపోయేవి, కంటికి కనపడవు కాబట్టి. కథల పుస్తకానికి ఆఖరి పేజీ ఉండేది. ఫోన్‌లో మాత్రం పొద్దు గుంకదు. ఇంట్లో పెద్దవాళ్లే ఆ పొద్దు గుంకించాలి.

ఎండ అడ్డమని రాశారు. నాకైతే ఆ ఎండే మీకు సాయం అనిపిస్తోంది. మా ఇంట్లో వేసవిలో గడియారం చూసి ఏదీ చేసేవాళ్లం కాదు. తెల్లారి 5 నుంచి 9 లోపు బయటి పనులు. 11 దాటితే తలుపులు దగ్గరగా వేసి, కిటికీలకి తడిపిన వట్టివేళ్ల తడికలు కట్టి అందరం లోపలే. నాలుగున్నరకి వాకిట్లో నీళ్లు చల్లేవారు. ఆ తడిమట్టి వాసన రావడమే ఆలస్యం, పిల్లలందరం వీధిలో ఉండేవాళ్లం. రాత్రి డాబా మీద పక్కలు. అలా వేసవి రోజు నాలుగు ముక్కలుగా ఉండేది, ఒక్కో ముక్కకి ఒక్కో వెలుతురు, ఒక్కో పని. గదిలో ఫోన్ పట్టుకుని పడుకున్న పిల్లవాడికి పొద్దున 7 అయినా, మధ్యాహ్నం 2 అయినా తేడా ఏముంది? వాడి రోజుని మళ్లీ నాలుగు ముక్కలు చేసి ఇవ్వండి.

పొద్దున ముక్క మీ భార్యాభర్తలది. ఆఫీసుకి వెళ్లేలోపు ఒక గంట, మీరో వాళ్ల నాన్నో వాడితో బయట ఉండండి. భద్రకాళి చెరువు గట్టు వైపో, వేయిస్తంభాల గుడి వైపో నడిచి రండి. ఆరుబయట వెలుతురులో ఎక్కువసేపు గడిపే పిల్లలకి దూరంవి మసకగా కనపడే దోషం వచ్చే అవకాశం తగ్గుతుందని కంటి డాక్టర్లు చెబుతున్నారు. వెలుతురు తగలాలి, వడదెబ్బ తగలకూడదు. మీ ఊళ్లో మే నెలలో అది పొద్దున్నే కుదురుతుంది.

మధ్యాహ్నం ముక్క మీ అత్తమ్మగారిది. ఆవిణ్ణి ఫోన్‌కి కాపలా పెట్టకండి. ఆటలు నేర్పమని అడగండి. ఓమనగుంటల పీట లేకపోతే సుద్దముక్కతో నేల మీద 14 గుండ్రాలు గీసినా చాలు, చింతగింజలు వంటింట్లోనే ఉంటాయి. అష్టాచమ్మాకి అడ్డంగా 5, నిలువుగా 5 గళ్లు, 4 గవ్వలు. నాలుగూ వెల్లకిలా పడితే చమ్మ, నాలుగూ బోర్లా పడితే అష్ట. పులిజూదంలో 3 పులులు, 15 మేకలు. మీవాడు మొదట పులే కావాలంటాడు. నాలుగు రోజులాగితే, పులిని కదలనివ్వకుండా మేకలతో కట్టడి చెయ్యడంలోనే మజా ఉందని వాడే చెబుతాడు. వాన పడి మైదానంలోకి పంపలేని రోజుల్లో నేను క్లాసులో ఈ ఆటలు ఆడించేదాన్ని. అల్లరి పిల్లలు కూడా గంటసేపు తల ఎత్తేవాళ్లు కాదు.

మధ్యలో "బోర్ కొడుతోంది" అంటాడు. అననివ్వండి. వెంటనే ఏదో ఒకటి చేతిలో పెట్టాలని కంగారుపడకండి. ఆరో తరగతిలో నా దగ్గర ఒక పిల్లవాడు ఉండేవాడు. సెలవుల్లో తోచక వాళ్ల పెరటి వేపచెట్టు మీది కాకిగూడు చూస్తూ కూర్చున్నాడట. బడి తెరిచాక వచ్చి, "టీచర్, కాకి పెంచుతున్న పిల్లల్లో ఒకటి కాకిపిల్ల కాదు" అన్నాడు. కోయిల తన గుడ్లని కాకిగూట్లో పెడుతుందని పుస్తకంలో చదివి చెప్పినవాళ్లు చాలామంది ఉన్నారు. చూసి చెప్పినవాడు నా సర్వీసులో వాడొక్కడే. ఆ వేసవి వాడికి తోచి ఉంటే ఆ గూడు కనపడేది కాదు.

ఇక ఫోన్. మొత్తానికి వద్దంటే మీవాడు పక్కింటికి వెళ్లి చూస్తాడు. 3 నుంచి 4 దాకా అని పెట్టండి, హాల్లో కూర్చుని చూడాలి, నాలుగు కాగానే ఛార్జింగ్‌కి పెట్టేది వాడే. ఎంతసేపు అని చాలామంది అడుగుతున్నారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో అయిదేళ్లలోపు పిల్లలకి ఒక లెక్క చెప్పింది. ఏడాది పిల్లలకి అసలు స్క్రీన్ వద్దు, 2 నుంచి 4 ఏళ్లవాళ్లకి రోజుకి గంట మించొద్దు, అంతకంటే తక్కువైతే ఇంకా మంచిది. పదేళ్లవాడికి ఆ కాగితంలో లెక్క లేదు. అది మీ ఇంట్లో కూర్చుని వేసుకోవలసిందే, వాడిని కూడా కూర్చోబెట్టుకుని.

మొదటి వారం ఏడుపులుంటాయి. మీరు మెత్తబడి ఒక్క రోజు వదిలేస్తే మళ్లీ మొదటి నుంచి మొదలెట్టాలి, అది మటుకు గుర్తుపెట్టుకోండి. ఇంకో మాట, మీ హనుమకొండలో 1904లోనే రాజరాజ నరేంద్ర ఆంధ్ర భాషా నిలయం అని గ్రంథాలయం పెట్టారు. చదువు మీద అంత ప్రేమ ఉన్న ఊరు మీది. వారానికి ఒక్కసారి మీవాణ్ణి ఏదో ఒక లైబ్రరీకి తీసుకెళ్లండి. పుస్తకం వాడే ఎంచుకోవాలి, అది కార్టూన్ పుస్తకమైనా సరే.

ప్రశ్న: టీచర్ గారూ, నేను ఏడో తరగతికి వస్తున్నాను. అమ్మానాన్న నన్ను ఫోన్ చూడొద్దంటారు. వాళ్లు మాత్రం అన్నం తినేటప్పుడు కూడా చూస్తారు. నేను అడిగితే ఎదురు మాట్లాడుతున్నావంటారు. నాదే తప్పా?
— గుంటూరు నుంచి ఒక పాప

జవాబు: నీది తప్పు కాదు తల్లీ. నువ్వు చూసింది నిజం, అడిగింది న్యాయం. అన్నాల దగ్గర అడగకు, అప్పుడు అందరూ ఆకలితో, అలసటతో ఉంటారు. ఈ పేజీ అమ్మ ఒక్కతే ఉన్నప్పుడు ఆమె చేతికివ్వు.

పాప వాళ్ల అమ్మగారూ, నాన్నగారూ, ఈ ఉత్తరం చదివి నాకు కడుపులో దేవినట్టయింది. పిల్ల మిమ్మల్ని తప్పుపట్టడానికి రాయలేదు. కంచం ముందు మీ ముఖాలు చూద్దామని కూర్చుంటే కనపడటం లేదని రాసింది. అన్నాల వేళ మూడు ఫోన్లూ ఫ్రిజ్ మీద పెట్టండి. 20 నిమిషాల పని. అప్పుడు పాపకి ఏం చెప్పినా ఆమె వింటుంది.

ప్రశ్న: మాది కోనసీమలో ఒక పల్లె, ఉద్యోగం బెంగళూరులో. ఏడాదికోసారి వేసవిలో 5 రోజులు సెలవు పెట్టుకుని ఇంటికి వస్తాను. వచ్చినా చెయ్యి ఫోన్ మీదే. ఆఫీస్ గ్రూపులో మెసేజ్ వస్తే చూడకుండా ఉండలేను. ఏ పనీ లేకుండా అరుగు మీద కూర్చుంటే ఏదో తప్పు చేస్తున్నట్టు టెన్షన్. నాన్న మాట్లాడుతుంటే సగమే వింటాను. దీనికి మార్గం ఉందా?
— 34 ఏళ్ల సాఫ్ట్‌వేర్ ఉద్యోగి

జవాబు: బాబూ, మా వైపు పిల్లాడివి కాబట్టి చనువుగా నువ్వు అంటున్నాను. నీకు మన కాలువ సంగతే చెబుతాను. ధవళేశ్వరం ఆనకట్ట 1852లో పూర్తయింది. ఆ నీళ్లతోనే మన సార్వా, మన దాళ్వా. రెండు పంటలకీ నీళ్లు మోసిన కాలువని దాళ్వా కోతలయ్యాక వేసవిలో కట్టేస్తారు. నువ్వూ చూసే ఉంటావు. నీళ్లు తగ్గుతూ తగ్గుతూ అడుగు కనపడేది. గుంటల్లో మిగిలిన కొర్రమేనుల కోసం పిల్లలు మోకాలి లోతు బురదలో దిగేవాళ్లు, అది ఆరిందంటే అందులోనే క్రికెట్. పెద్దవాళ్లకి మటుకు అప్పుడే అసలు పని. గుర్రపుడెక్క లాగాలి, పూడిక తియ్యాలి, లాకుల తలుపులు బాగుచెయ్యాలి, గట్టు జారినచోట మట్టి వెయ్యాలి. నిండుగా పారే కాలువకి ఇవేవీ చెయ్యలేరు. కాలువ ఖాళీగా పడి ఉందని, రోజులు దండగైపోతున్నాయని మన ఊళ్లో ఎవరైనా అనగా విన్నావా? ఆ 5 రోజులూ నీకు కాలువ కట్టేసిన రోజులే. అరుగు మీద కూర్చోవడం తప్పేమీ కాదు.

కాలువ కట్టేసే ముందు ఊరి మంచినీళ్ల చెరువు నింపుకుంటారు కదా, నువ్వూ బయల్దేరే ముందు చెయ్యవలసిన పని ఒకటి ఉంది. నీ పని ఎవరు చూస్తారో ఆఫీసులో వారం ముందే తేల్చుకో. "మరీ అవసరమైతే ఫోన్ చెయ్యండి, మెసేజ్‌లు చూడను" అని ఒక్క మనిషికి చెప్పు, అందరికీ కాదు. ఊరు చేరాక మీ నాన్నగారి బటన్ ఫోన్‌లో నీ సిమ్ వేసుకో. కాల్ వస్తుంది, ఇంకేమీ రాదు. పెద్ద ఫోన్ బీరువాలో పెట్టి తాళం అమ్మకివ్వు. మొదటి రోజు చెయ్యి జేబులోకి పదిసార్లు పోతుంది. రెండో రోజు ఏదో పోగొట్టుకున్నట్టు ఉంటుంది. మూడో రోజుకి నీకు తాటాకుల చప్పుడు వినపడటం మొదలవుతుంది. నాకు అలాగే అయింది.

ఏం చెయ్యాలో తోచకపోతే అమ్మతో ఆవకాయకి కూర్చో. టెంకతో సహా కాయ కొట్టే పని నీది. జీడి తీసి, లోపలి పొర గీకి, ఒక్కో ముక్కా పొడిగుడ్డతో తుడిచే పని ఇద్దరిదీ. తడి తగిలితే బూజు పడుతుంది కాబట్టి తొందరపడటానికి వీల్లేదు. కారం, ఆవపిండి, ఉప్పు కలిపి పప్పునూనె పోసి జాడీకెత్తాక కూడా అవ్వలేదు, మూడోనాడు మళ్లీ కలపాలి. ఆ పనిలో చేతులకి నూనె, కారం అంటుకుని ఉంటాయి. ఫోన్ ముట్టుకోవాలన్నా కుదరదు.

ఇది రాయాలా వద్దా అని రెండు రోజులు ఆలోచించాను. ఆరేళ్ల క్రితం మా అక్క, నేను ఇలాగే ముక్కలు తుడుస్తూ కూర్చున్నాం. నాకేదో మెసేజ్ వచ్చింది. చెయ్యి తుడుచుకుని ఫోన్ తీశాను. అక్క ఏదో చెబుతోంది, నేను ఊఁ కొడుతున్నాను. అమ్మ గురించి, మా పాత ఇంటి గురించి ఏదో. ఆ ఏడాది కార్తీకంలో అక్క పోయింది. ఆ రోజు ఏం చెప్పిందో ఎంత తవ్వుకున్నా గుర్తు రావడం లేదు. అడుగుదామంటే మా ఇంట్లో ఆ కాలం మనిషి ఇంకెవరూ లేరు. మెసేజ్‌లో ఏముందో కూడా గుర్తులేదు. మీ నాన్నగారి మాట సగమే వింటున్నానని నువ్వు రాసిన వాక్యం దగ్గర నేను ఆగిపోయింది అందుకే. మిగతా సగం ఈ వేసవిలోనే విను బాబూ.

ప్రశ్న: మేము డల్లాస్‌లో ఉంటాం. ఇక్కడ బడులకి సెలవులు ఇచ్చాక జూన్‌లో పిల్లలతో భీమవరం వస్తున్నాం. 3 వారాలు. పిల్లలు 8, 13 ఏళ్లవాళ్లు. అమ్మమ్మ ఇంట్లో వైఫై లేకపోతే ఉండలేమంటున్నారు. పెట్టించమంటారా?
— ఒక తల్లి

జవాబు: వద్దమ్మా. 3 వారాలకి ఎందుకు? అవసరాలకి మీ ఫోన్‌లో ఉన్న డేటా చాలు. మీరు దిగిన మొదటి వారం పిల్లలకి తెల్లవారుజాము 3 గంటలకే మెలకువ వచ్చేస్తుంది. చాలామంది ఆ వేళ పిల్లలకి ట్యాబ్ ఇచ్చి పడుకోబెడతారు. మీరు ఆ మెలకువని వాడుకోండి. వాళ్ల తాతగారు లేచే వేళ అదే. పాలు పితికేచోటికి, చేపల చెరువుల గట్టు మీదికి, పూల బజారుకి ఆయన వెంట పంపండి. ఆ వేళకి ఎండ ఉండదు, మాట్లాడటానికి బోలెడు తీరిక ఉంటుంది. పిల్లల తెలుగు ఆ వారంలో కదిలినంతగా మీరు నెలల తరబడి చెప్పినా కదలదు.

అయితే ఒక్క విన్నపం. తిరుపతి, వైజాగ్, అరకు, హైదరాబాద్ షాపింగ్ అంటూ 3 వారాలూ కార్లో తిప్పకండి. కార్లో కూర్చున్న పిల్లలు ఫోన్ చూడక ఏం చేస్తారు? కనీసం 10 రోజులు ఒక్క ఇంట్లో ఉంచండి. ముంజలు దొరికితే బొటనవేలితో పొడిచి తినడం నేర్పించండి, బట్టల మీద కారినా ఏమీ అనకండి. తినేసిన ముంజకాయలు రెండింటికి పుల్ల గుచ్చి, పంగలకర్ర పెట్టి బండి చెయ్యడం మీ నాన్నగారికి వచ్చే ఉంటుంది. పదమూడేళ్లవాళ్లు అలాంటివి చిన్నపిల్లల ఆటలని అంటారు. ఆ పిల్లకి లేదా పిల్లాడికి ఒక నోట్‌బుక్ ఇచ్చి, అమ్మమ్మ పెళ్లినాటి సంగతులు అడిగి రాసుకోమనండి. ఇంగ్లీషులో రాసుకున్నా ఫరవాలేదు.

ప్రశ్న: అమ్మా, నాకు 71 ఏళ్లు. విశాఖపట్నంలో ఒంటరిగా ఉంటున్నాను. నా భార్య పోయి రెండేళ్లు. పిల్లలు దూరాన ఉన్నారు. రాత్రి పడుకుని వీడియోలు చూడటం మొదలుపెడితే ఒంటిగంట, రెండు. కళ్లు మండుతున్నాయి, ఇసుక పడ్డట్టు ఉంటోంది. మనవలకి చెప్పవలసిన వయసులో నేనే ఇలా ఉన్నానని సిగ్గుగా ఉంది. ఎవరికీ చెప్పుకోలేక మీకు రాస్తున్నాను.
— ఒక విశ్రాంత ఉద్యోగి

జవాబు: అన్నయ్యగారూ, సిగ్గుపడకండి. ఇల్లంతా నిశ్శబ్దంగా ఉన్నప్పుడు ఆ ఒక్కటే మాట్లాడుతుంది కాబట్టి చేతిలోకి తీసుకుంటాం. మా వారు పోయిన మొదటి వేసవి నేనూ అలాగే గడిపాను. ఎవరో ముక్కూమొహం తెలియని మనిషి వంట చేస్తుంటే రాత్రి ఒంటిగంటకి చూస్తూ ఉండేదాన్ని. ఆ వంట నాకు కావాలా? మనిషి గొంతు కావాలి, అంతే.

కళ్ల సంగతి ముందు. తెర వైపు చూస్తున్నప్పుడు మనం రెప్పలు మామూలు కంటే బాగా తక్కువ వేస్తాం, దాంతో కన్ను పొడిబారుతుంది. మీ వయసుకి అది ఇంకొంచెం ఎక్కువ. ఒకసారి కంటి డాక్టరుకి చూపించండి. పగలు చూసేటప్పుడు 20 నిమిషాలకోసారి తల ఎత్తి, 20 అడుగుల అవతల ఉన్నదాన్ని 20 సెకన్లు చూడమని వాళ్లు చెప్పే పద్ధతి నాకు బాగా పనికొచ్చింది. నేను వీధి చివరి బాదంచెట్టు చూసేదాన్ని.

రాత్రికి ఫోన్ వంటింట్లో ఛార్జింగ్ పెట్టండి. మంచం దగ్గర రేడియో పెట్టుకోండి, అందులో గొంతు ఉంటుంది, కన్నుకి పని ఉండదు. 8 గంటలకి రోజూ ఒకే స్నేహితుడికి ఫోన్ చేసి మాట్లాడండి. రెండు మూడు రోజులు చేస్తే ఆయనే ఎదురుచూస్తాడు. మీరు ఒంటరిగా ఉంటున్నారు కాబట్టి ఇంకొకటి చెప్పాలి. ఎండలు ముదిరాయి, దాహం వేసేదాకా ఆగకుండా మజ్జిగ, మంచినీళ్లు తాగుతూ ఉండండి. ఒళ్లు కాలిపోతూ తల తిరిగినా, మాట తడబడినా 108కి ఫోన్ చెయ్యడానికి మొహమాటపడొద్దు. పక్కింటివాళ్లకి మీ తాళం ఒకటి ఇచ్చి ఉంచండి.

9 గంటలకి డాబా ఎక్కండి. ఈ నెలలో ఆ వేళకి ఉత్తరాన సప్తర్షులు బాగా పైకి వచ్చి ఉంటారు. గరిటె కాడలో మధ్యనున్నది వసిష్ఠుడు, ఆయనని ఆనుకుని మినుకుమినుకుమంటూ అరుంధతి. పెళ్లిలో మీ ఇద్దరికీ చూపించి ఉంటారు, ఆ మధ్యాహ్నపు వెలుగులో కనపడి ఉండదు. కళ్లు తేటపడ్డాక ఇప్పుడు చూడండి. ఆ కాడ వంపునే పట్టుకుని పోతే నారింజ రంగులో వెలిగే స్వాతి, ఇంకా అదే వంపులో పోతే తెల్లటి చిత్ర. తొమ్మిదిన్నర, పది దాటాక సముద్రం వైపు, ఆగ్నేయ దిక్కున, వృశ్చికం పైకి వచ్చి ఉంటుంది. తేలు గుండెలో ఎర్రటి చుక్క ఒకటి ఉంటుంది, అదే జ్యేష్ఠ. విశాఖలో ఊరి దీపాలు ఎక్కువే, అయినా అది కనపడుతుంది. కనపడిన రోజు నాకొక కార్డు రాయండి, అన్నయ్యగారూ.